నీటిలో చుట్టకుదురు

బుగ్గ అన్న మాట ఒక్కటే, అర్థాలు మాత్రం నాలుగు. చెంపను బుగ్గ అంటాం. నీటి బుడగను బుగ్గ అంటాం. నేలలోంచి ఉబికే ఊటనూ బుగ్గే అంటాం. తాడిపత్రిలో పెన్న ఒడ్డున వెలసిన బుగ్గ రామలింగేశ్వరుడికి ఆ పేరు ఊటనుంచే వచ్చింది. కరెంటు బల్బును బుగ్గ అనేవాళ్లు మా సీమలో ఇప్పటికీ ఉన్నారు. బుగ్గల నిండా గాలి పట్టుకొని నీటి అడుగున బుగ్గను ఊదడం, అదీ నడుమ బెజ్జం ఉన్న గాలి ఉంగరాన్ని ఊదడం, అది పగిలేలోపు ఫొటోలో పట్టుకోవడం ఒక ముచ్చటైన విద్య. ఈ విశేషాలన్నీ దాని గురించే.

చిన్నాయన చెప్పిన అక్షరం

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మూడింటి నడుమ ఉంటుంది పెద్దకడుబూరు. స్విమ్మింగ్ పూల్‌ను మేం సినిమాల్లోనే చూశాం. మాకు ఈత అంటే బావి. నడుముకు మునగబెండ్లు కట్టి మా చిన్నాయన నన్ను కపిలబావిలోకి దింపాడు. "నోరు తెరవాకురా అబ్బీ, గాలంతా బుగ్గల్లో పెట్టుకో" అనేవాడు. ఈత వచ్చిందనడానికి రుజువు ఏమిటంటే, బావి అడుగుకు పోయి పిడికెడు మట్టి తేవడం. పైకొచ్చి పిడికిలి విప్పితే నల్లటి బురద వేళ్ల సందుల్లోంచి కారుతుండాలి. అప్పుడే గట్టు మీద వాళ్లు ఒప్పుకునేవాళ్లు.

ఒకరోజు మెట్ల దగ్గర తల ముంచి చూశాను. నాకు కింద, నీళ్లలో రాతిమెట్టు పట్టుకొని వెల్లకిలా ఉన్న చిన్నాయన నోట్లోంచి తెల్లటి చుట్ట ఒకటి లేచింది. బిందె కింద తలమీద పెట్టుకొనే చుట్టకుదురు ఎట్లుంటుందో అట్లే ఉంది. పైకి వచ్చేకొద్దీ వెడల్పయింది, సన్నబడింది, నా మొహం దాకా వచ్చి చిన్న చిన్న బుడగలై చెదిరిపోయింది.

"అదెట్ల చిన్నాయనా?"

"ప అనరా. గొంతు రాకుండా, పెదాలతోనే."

ఆయన చెప్పింది అంతే. ఆ ఒక్క అక్షరంలో ఎంత ఉందో తరవాత పుస్తకాలు చదివి తెలుసుకున్నాను.

'ప'లో ఏముంది?

ప పలకాలంటే పెదాలు మూయాలి, వెనక గాలి ఒత్తిడి పెరగాలి, పెదాలు ఠక్కున విడిపోవాలి. గాలి ఒక్క ముద్దగా బయటపడుతుంది. ఉంగరానికి కావలసింది ఆ ఒక్క ముద్దే. ఫూ అని సాగదీసి ఊదితే బుడగల గుంపు వస్తుందే కానీ ఉంగరం రాదు. ఊపు ఎంతసేపు ఉండాలన్నదానికి ఒక కొలత కూడా దొరికింది. మోర్తెజా ఘరీబ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1998లో ఒక గొట్టంలోంచి నీటిని నెట్టి చూశారు. గొట్టం మూతి వెడల్పుకు సుమారు 4 రెట్ల పొడవైన నీటికడ్డీ బయటికి వచ్చేదాకా ఉంగరం బలం పుంజుకుంటుంది. అంతకు మించి నెట్టింది ఉంగరంలో చేరదు, వెనక తోకలా మిగిలిపోతుంది. ఆ ప్రయోగం నీటితో చేసిందే అయినా, తక్కువ ఊది ఆపేయడంలో ఉన్న మేలు దానివల్ల అర్థమవుతుంది.

ఇంతకీ గుండ్రటి గాలిముద్దకు నడుమ బెజ్జం ఎట్లా పడుతుంది? లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా. పెద్ద బుడగ తీసుకుంటే దాని అడుగుభాగం మీద ఒత్తిడి ఎక్కువ, నెత్తిమీద తక్కువ. అందుకని కిందినుంచి నీరు వేలులా పైకి పొడుచుకొస్తుంది. గారె తట్టేటప్పుడు వేలితో నడుమ బెజ్జం పెట్టినట్టే ఆ నీటివేలు బుడగ నడుమ దూరి అవతలికి తేలుతుంది. బుడగ గారె అయిపోతుంది. చిన్న బుడగల్లో ఇది జరగదు. నీటి తలతన్యత వాటిని గుండ్రంగా బిగించి ఉంచుతుంది. అందుకే సన్నగా వదిలిన ఊపిరి బుడగలుగానే పోతుంది.

బెజ్జం పడ్డాక అసలు సొగసు మొదలవుతుంది. ఉంగరం లోపలి అంచున నీరు పైకి, బయటి అంచున కిందికి, ఎడతెగకుండా తిరుగుతుంటుంది. గొట్టం లోపలి గోడను ఆనుకొని రబ్బరు ఉంగరం ఒకటి దొర్లుకుంటూ ముందుకు పోతే ఎట్లుంటుందో ఊహించుకోండి. ఆ సుడి నడిగర్భంలో ఒత్తిడి తక్కువ. గాలి ఆ తక్కువ చోటును పట్టుకొని చెదరకుండా ఉంటుంది. అంటే మనం చూసే వెండి ఉంగరం సుడి కట్టుకున్న బట్టలాంటిది. సుడి లేకపోతే ఆ ఆకారం ఒక్క క్షణం నిలవదు.

పైకి తేలే గాలికి వేగం పెరగాలి కదా అనిపిస్తుంది. ఈ ఉంగరం మాత్రం తేలే బలాన్ని వేగంగా మార్చుకోదు, వెడల్పుగా మార్చుకుంటుంది. పైకి పోయేకొద్దీ పెద్దదవుతూ, నెమ్మదిస్తూ, గాలిచుట్ట సన్నబడుతూ పోతుంది. బాగా సన్నబడ్డాక తలతన్యత దాన్ని ముక్కలుగా తెంపేస్తుంది. 2 మీటర్ల లోతునుంచి పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి గాలి పరిమాణం పెరిగేది సుమారు 20 శాతమే. కంటికి కనబడే ఆ పెద్ద పెరుగుదలంతా సాగడమే.

ఉంగరాలు ఊదే మిగతావాళ్లు

డాల్ఫిన్లు వీటిని ఆటకోసం ఊదుతాయి. హవాయిలోని సీ లైఫ్ పార్కు డాల్ఫిన్ల గురించి కెన్ మార్టెన్, తోటి పరిశోధకులు 1996లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో రాశారు. ఉంగరాన్ని ఊది, దాన్ని వెంటాడి, ముక్కుతో తట్టి, చివరికి కొరికి పగలగొట్టడం వాటికి సరదా. ఆహారం కోసం కాదు, భయంతో కాదు. మా బావిలో పిల్లలు చేసిందీ అదే.

తిమింగలాల సంగతి ఇంకా కొత్తది. గూనితిమింగలాలు గాలి ఉంగరాలు ఊదిన 12 సందర్భాలను 2025లో పరిశోధకులు ఒకచోట చేర్చి ప్రచురించారు. 11 తిమింగలాలు, మొత్తం 39 ఉంగరాలు. చాలావరకు ఆ తిమింగలాలు తమంతట తామే మనిషి దగ్గరికి వచ్చాయి. ఆ వివరం చదివిన రోజు చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

కొండలూ ఊదుతాయి. 2024 ఏప్రిల్‌లో ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం నెత్తిమీద తెరుచుకున్న ఒక కొత్త రంధ్రంలోంచి ఆవిరి ఉంగరాలు వరసగా ఆకాశంలోకి లేచాయి.

వీటన్నిటికంటే దగ్గరిది మన రొమ్ములోనే ఉంది. గుండె ఎడమ జఠరికలోకి రక్తం దూకిన ప్రతిసారీ కవాటం దగ్గర ఒక సుడి ఉంగరం ఏర్పడుతుంది. ఇది చదువుతున్నంతసేపూ మీ లోపల నిమిషానికి డెబ్బై దాకా ఉంగరాలు పుడుతూనే ఉంటాయి.

ఉంగరమే పరమాణువు అనుకున్న కాలం

సుడి ఉంగరాల లెక్క మొదట రాసింది జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, 1858లో. రాపిడి లేని ద్రవంలో సుడి పుట్టదు, చావదు అని ఆయన తేల్చాడు. 1867లో స్కాట్లాండ్‌లో పీటర్ టెయిట్ ఒక పెట్టెలోంచి పొగ ఉంగరాలు వదిలి చూపించాడు. వాటిని చూసిన విలియం థామ్సన్‌కు, తరవాత లార్డ్ కెల్విన్ అయినాయనకు, ఒక ఊహ తట్టింది: పరమాణువులంటే, అంతటా నిండి ఉందని అప్పట్లో నమ్మిన ఈథర్‌లో ముడిపడిన సుడి ఉంగరాలేనేమో అని. ఒక్కో మూలకానికి ఒక్కో రకం ముడి అని లెక్క. ఆ ఊహ నిలవలేదు. కానీ దానికోసం టెయిట్ కూర్చొని ముడులన్నీ రకాలవారీగా విడదీసి పట్టికలు వేశాడు. గణితంలో ముడుల శాస్త్రానికి అవి తొలి పునాదుల్లో ఒకటయ్యాయి.

లిమ్, నికెల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో ఎర్రరంగు ఉంగరాన్నీ నీలిరంగు ఉంగరాన్నీ నీటిలో ఎదురెదురుగా ఢీకొట్టించారు. రెండూ కలిసి పెద్ద చక్రంలా విచ్చుకొని, దాని అంచు వెంబడి సగం ఎరుపు సగం నీలం రంగుల చిట్టి ఉంగరాలుగా విడిపోయాయి. ఆ ఫొటోలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

బిందె పాట

బావిలో బిందె ముంచితే వచ్చే బుడబుడ శబ్దం నీటిది కాదు, బుగ్గలది. ఒక్కో బుడగ గంటలా కంపించి మోగుతుంది. 1933లో మిన్నార్ట్ అనే ఖగోళ శాస్త్రవేత్త దీన్ని లెక్కగట్టాడు. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకు సుమారు 3,300 సార్లు కంపిస్తుంది. బుడగ పెద్దదైతే స్వరం దిగుతుంది. చీకట్లో నీళ్లు చేదినవాళ్లకు బిందె ఎంత మునిగిందో చెవికే తెలిసేది.

వెండి ఎక్కడిది?

గాలికి రంగు లేదు. మరి ఫొటోలో ఉంగరం కరిగించిన వెండిలా ఎందుకు మెరుస్తుంది? దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక చేమాకు కోసి బకెట్ నీళ్లలో పూర్తిగా ముంచి, కొంచెం ఏటవాలుగా తిప్పండి. ఆకుపచ్చ మాయమై అద్దం కనిపిస్తుంది. ఆకు పైపొరకు అంటుకున్న పలచని గాలిపొర చేసే పని అది. నీటిలోంచి గాలివైపు పోయే వెలుగు సుమారు 48.6 డిగ్రీలకు మించిన ఏటవాలుగా తగిలితే గాలిలోకి దాటలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఉంగరం వంపుల్లో ఎక్కువ భాగం అట్లాంటి ఏటవాలే. అందుకే కొలను గోడలు, పలకల గీతలు, ఊదినవాడి మొహం, అన్నీ వంకరగా ఆ వెండిమీద కనబడతాయి.

అదే లెక్క నీటి పైతలానికీ వర్తిస్తుంది. అడుగున పడుకొని పైకి చూస్తే ఆకాశం అంతటా కనబడదు. ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. ఆ కిటికీ సుమారు 97 డిగ్రీల వెడల్పు. 2 మీటర్ల లోతులో ఉంటే నెత్తిమీద దాదాపు నాలుగున్నర మీటర్ల వెలుగు వలయం, దాని చుట్టూ అద్దం. గట్టు మీద నిలబడ్డవాళ్లంతా ఆ వలయం అంచుకు వంగి కనిపిస్తారు. ఉంగరం సరిగ్గా ఆ కిటికీ నడుమకు వచ్చినప్పుడు నొక్కితే ఫొటోలో వలయంలో వలయం పడుతుంది. ఈ రకం చిత్రాల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

చేపకు ఇట్లా కనబడుతుందని చూపించడానికి అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో నీళ్లు నింపిన కెమెరా తయారు చేశాడు. ఇవాళ ఫిష్‌ఐ లెన్స్ అంటున్న మాట ఆయన నుంచి వచ్చిందే. ఆయనే 1901లో 'నేచర్' పత్రికకు గాలిలో సుడి ఉంగరాల మీద వ్యాసం రాశాడు. ఉంగరాన్నీ, దాన్ని కిందినుంచి చూసే కంటినీ ఒకే మనిషి పట్టుకున్నాడన్న మాట.

కళ్లజోడు లేని కళ్లు

చిన్నాయన ఊదిన ఉంగరం నాకు మసకగానే కనబడి ఉండాలి. మన కంటి ముందుపొర వంపు గాలిలో బాగా పనిచేస్తుంది. నీటిలో దాని శక్తి దాదాపు పోతుంది, ఎందుకంటే ఆ పొరా నీరూ వెలుగును ఇంచుమించు ఒకే తీరున వంచుతాయి. అండమాన్ సముద్రంలో బతికే మోకెన్ పిల్లలు మాత్రం నీటి అడుగున యూరప్ పిల్లలకంటే రెట్టింపు స్పష్టంగా చూడగలరని స్వీడన్ పరిశోధకురాలు అన్నా గిస్లెన్ 2003లో చూపించింది. వాళ్లు కంటిపాపను బాగా చిన్నది చేసుకుంటారు. స్వీడన్ పిల్లలకు నేర్పిస్తే వాళ్లకూ వచ్చింది. మన బావి పిల్లలను ఎవరూ పరీక్షించలేదు కానీ, అడుగున పడ్డ పావలాను తీసుకొచ్చిన కళ్లు అవి.

తేట నీరు

ఈ ఫొటోకు మొదటి శత్రువు బురద. మా నల్లరేగడి నీళ్లలో ఒండ్రు రేణువులు గంటల తరబడి దిగవు. ఫ్లాష్ వేస్తే వెలుగు ముందు వాటిమీద పడి వెనక్కి కొడుతుంది, చిత్రమంతా మంచు కురిసినట్టవుతుంది. మా అవ్వలు కాలువ నీళ్లు తెచ్చి కుండ లోపలివైపు చిల్లగింజ అరగదీసి ఉంచేవాళ్లు. రేణువులు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి అడుగుకు దిగేవి. స్విమ్మింగ్ పూళ్లలో పటిక చేసేదీ అదే పని.

తేట నీరంటే మా పాత కర్నూలు జిల్లాలో మహానంది గుర్తుకు రావాలి. కోనేట్లో మెడలోతు నీళ్లున్నా అడుగున నాణెం కనబడుతుంది. ఆ నీరు ఊటది, నల్లమల కొండల కింది బుగ్గది. నిత్యం పుడుతూ, నిత్యం పొలాలకు పారుతూ ఉంటుంది. అది స్నానాలు చేసుకొనే పుణ్యస్థలం, మన కెమెరాలకు చోటు కాదు. నీరు ఎంత తేటగా ఉండగలదో చూసి రావడానికి పోవాలి.

తీసేవాళ్లకు నాలుగు మాటలు

నీటి అడుగున ఫొటో తీయడం పాత విద్యే. ఫ్రాన్స్ తీరంలో లూయీ బూతాన్ 1893లో తీశాడు. 1926లో ఫ్లోరిడా దగ్గర లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటిమీద తెప్ప పెట్టి, దానిమీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ మెరుపులో చేపలను రంగుల్లో పట్టారు. ఇప్పుడు ఒక సంచీలో పెట్టిన ఫోన్ చాలు. కానీ నీటిలో తాకుతెర సరిగ్గా పనిచేయదు; శబ్దం పెంచే బటన్‌తో నొక్కేలా ముందే పెట్టుకోవాలి. ఫోకస్ ఊదేవాడి మోకాలి మీదో పెదాల మీదో ముందే బిగించుకోవాలి, లేకపోతే ఫోన్ ఉంగరాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది. నీటిలో 4 మీటర్ల దూరం 3 మీటర్లలా కనబడుతుందని గుర్తుంచుకుంటే చాలా ఫొటోలు చెడిపోకుండా ఉంటాయి.

ఉంగరం సెకనుకు అర మీటరు కదులుతుందనుకుందాం. సెకనులో 60వ వంతు తెరిస్తే అది 8 మిల్లీమీటర్లు జరిగిపోతుంది, మసకే మిగులుతుంది. 500వ వంతుకు వస్తే 1 మిల్లీమీటరే. కాబట్టి వేగం ముందు, మిగతావి తరవాత.

పడుకోవడమే కష్టం. నిండు ఊపిరితో పడుకుంటే నీరు పైకి తోసేస్తుంది. గాలి వదిలేస్తే ఊదడానికి ఏమీ మిగలదు. నిచ్చెన కడ్డీనో, చిన్న బరువునో పట్టుకొని కొంచెం గాలి వదిలి పడుకోవాలి. తల వెనక్కి వంచి, నోరు ఆకాశానికి సరిగ్గా ఎదురుగా పెట్టాలి. ముక్కు మూసుకోవాలి, నేను మొదటిసారి మరిచిపోతే నీరు నెత్తికెక్కి, ఆ పూటంతా తల దిమ్మెక్కింది. పైనెవరూ ఈదకూడదు. ఒక్క మనిషి చెయ్యి ఆడించినా సుడి వంకర తిరిగిపోతుంది. ఒక ఉంగరం ఊదాక నీరు నిమ్మళించేదాకా ఆగి, రెండోది ఊదాలి.

ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎక్కువసేపు ఊపిరి బిగబట్టడానికని మునిగేముందు గబగబా పదిసార్లు శ్వాస పీల్చి వదిలే అలవాటు పిల్లల్లో ఉంది. మనకు ఊపిరి పీల్చాలనిపించేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. గబగబా పీలిస్తే అది తగ్గిపోతుంది, కానీ ప్రాణవాయువు నిల్వ అంతగా పెరగదు. పీల్చాలన్న తపన మొదలయ్యేలోపే మెదడుకు ప్రాణవాయువు చాలక స్పృహ పోతుంది, ముందుగా ఏ సూచనా ఉండదు. నీళ్లలో స్పృహ పోతే ఏమవుతుందో మా ఊళ్లలో ప్రతి ఎండాకాలం చూస్తున్నాం. గట్టు మీద ఈత వచ్చిన పెద్దమనిషి ఒకరు, కళ్లు తిప్పకుండా ఉండాలి. తుంగభద్ర దిగువ కాలువ ఎల్లెల్సీలో మాత్రం ఈ ఆట వద్దే వద్దు. దాని లాగుడు పైకి కనబడదు, పట్టుకోవడానికి గట్టు జారుతుంది.

నడినెత్తిన సూర్యుడు

ఇక వెలుగు సంగతి. ఈజిప్టులో సైయీన్ ఊరి బావిలోకి ఏడాదికి ఒక్క మధ్యాహ్నం ఎండ నిట్టనిలువునా దిగుతుందన్న మాట పట్టుకొని ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టాడంటారు. సైయీన్ కర్కటరేఖ దగ్గరిది కాబట్టి అక్కడ ఒక్కసారే. మా పెద్దకడుబూరు కర్కటరేఖకు బాగా దక్షిణాన ఉంది. ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 10 ప్రాంతంలో ఇంకోసారి. ఆగస్టులో మబ్బులు పట్టొచ్చు. మే నెలలో ఆ అడ్డు తక్కువ.

ఆ మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి బావి గోడలకు నీడ ఉండదు. వెలుగు నీళ్లలోంచి నిలువుగా దిగి అడుగు బురదను తాకుతుంది. అప్పుడు అడుగున పడుకొని, గాలి బుగ్గల్లో పెట్టుకొని, గొంతు రాకుండా ప అంటే ఉంగరం లేస్తుంది. అది పైకి పోతూ వెడల్పవుతుంటే, దాని గుండ్రటి నీడ పక్కకు ఎటూ పోదు. ఊదినవాడి మొహం చుట్టూనే పడి, మెల్లగా విచ్చుకుంటుంది.